తాళం పడిన ఫ్యాక్టరీ నుంచి మోటోరోలా దాకా.. కారుకు రేడియో తగిలించిన పాల్ గాల్విన్ కథ

పాత కార్ల షౌకీన్లు తెగ వెతికే సామాన్లలో ఒకటి చూడ్డానికి చాలా చిన్నది. స్టీరింగ్ రాడ్డుకు బిగించే పిడికెడు డబ్బా. దానికి ఒక డయల్, రెండు గుండీలు, ఒక తాళం చెవి రంధ్రం. 1930ల నాటి ఫోర్డ్, షెవర్లే కార్లను మళ్లీ కొత్తగా తయారు చేయించుకునేవాళ్లు ఇంజన్ దొరికినా, సీట్లు దొరికినా, ఈ డబ్బా దొరక్కపోతే పని పూర్తి కాలేదనే అంటారు. తమాషా ఏమిటంటే, అది ఆ కారుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది కాదు. కారు కొన్నాయన బజార్లో విడిగా కొని, మెకానిక్ దగ్గర పెట్టించుకున్న వస్తువు. చాలా డబ్బాల మీద ఉండే పేరు మోటోరోలా.

హైదరాబాద్‌లో ఆ పేరు అంటే జగదీష్ మార్కెట్ గుర్తొస్తుంది, సెల్‌ఫోన్ గుర్తొస్తుంది. కానీ ఆ పేరు పెట్టిన మనిషి సెల్‌ఫోన్ చూడనే లేదు. 1959లోనే కన్నుమూశారు. మోటార్ కారులో మోగే పెట్టె కాబట్టి మోటార్ నుంచి సగం, ఆ రోజుల్లో గ్రామఫోన్‌లకీ రేడియోలకీ ఫ్యాషన్‌గా తగిలించే 'ఓలా' అనే తోక నుంచి సగం తీసుకుని ఆ పేరు కట్టారు. ఒక రోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే తట్టిందని ఆయన గురించి చెప్పుకుంటారు.

పాల్ గాల్విన్ 1895 జూన్‌లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో, హార్వర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పేరు చూసి పెద్ద యూనివర్సిటీ ఉన్న ఊరనుకోవద్దు. ఇది షికాగోకు వాయవ్యంగా, రైళ్లు ఆగి వెళ్లే ఒక జంక్షన్. ఊరికి ఉన్న ఆదరువు ఆ రైళ్లే. పదమూడేళ్ల వయసులో పాల్ ఆ స్టేషన్‌లో రైలు ఎక్కే దిగేవాళ్లకు పాప్‌కార్న్ అమ్మాడు. ఎవరూ పెట్టుబడి ఇవ్వలేదు, ఎవరూ నేర్పలేదు. రైలు ఆగే ఆ కొద్ది నిమిషాల్లోనే బేరం అయిపోవాలి. ఆలస్యమైతే సరుకు చేతిలో, గిరాకీ రైల్లో. ఆ పాఠం ఆయన జీవితంలో చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఇలినాయ్ యూనివర్సిటీలో చేరారు గానీ డిగ్రీ దాకా ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో ఆఫీసర్‌గా ఫ్రాన్స్ వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక షికాగోలో ఒక బ్యాటరీల కంపెనీలో ఉద్యోగం. 1920లో లిలియన్‌తో పెళ్లి. అప్పటికే సొంత కారోబార్ మీద మనసుంది.

1921లో ఎడ్వర్డ్ స్టీవార్ట్ అనే స్నేహితుడితో కలిసి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మార్ష్‌ఫీల్డ్‌లో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టారు. ఆయన జీవితంలో మొదటి దెబ్బ ఇక్కడే. బ్యాటరీ అంటే సీసం, ఆసిడ్.. రాయంత బరువు. ఊరేమో పెద్ద మార్కెట్లకు దూరం. బరువైన సరుకు, దూరపు ఊరు కలిస్తే లాభం కాస్తా రైలు కిరాయికే సరిపోతుంది. దేశంలో వ్యాపారాలు కూడా అప్పుడు మందంగానే ఉన్నాయి. అమ్మకాలు ఉన్నా చేతిలో నగదు లేదు. అలాంటప్పుడు మొదట ఆగిపోయేది ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నే. ఇది అప్పటి అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు, ఇప్పటికీ చిన్న వ్యాపారాలు మునిగేది ఎక్కువగా ఈ దారిలోనే.

1923లో ఒక రోజు గాల్విన్ మధ్యాహ్నం భోజనానికి వెళ్లి తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీ తలుపులకు తాళం వేసి ఉందట. ఎక్సైజ్ పన్ను బాకీ కింద ప్రభుత్వం జప్తు చేసింది. ఆయన ఓవర్‌కోటు లోపలే ఉండిపోయింది, తీసుకోవడానికి కూడా లోపలికి రానివ్వలేదని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. విస్కాన్సిన్ చలి అంటే మామూలు చలి కాదు. ఇంట్లో భార్య, అంతకు ముందు ఏడాదే పుట్టిన కొడుకు రాబర్ట్.

భార్యాబిడ్డలను తీసుకుని షికాగో వచ్చేశారు. ఎమిల్ బ్రాక్ అనే పెద్ద మిఠాయిల వ్యాపారి దగ్గర సెక్రటరీగా కుదిరారు. సొంత ఫ్యాక్టరీ నడిపిన మనిషికి ఇంకొకరి దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం తేలిక కాదు. కానీ ఇల్లు గడవాలి. మూడేళ్లు గడిచాయి. 1926లో అదే స్టీవార్ట్ మళ్లీ పిలిచారు, అదే బ్యాటరీల పని, ఈసారి షికాగోలోనే. గాల్విన్ మళ్లీ వెళ్లారు. బుద్ధి ఉన్నవాడెవడైనా వెళ్తాడా అని చుట్టాలు అనుకునే ఉంటారు.

ఈ రెండో కంపెనీ కూడా 1928లో దివాలా తీసింది. అయితే మూతపడే ముందు వాళ్లు ఒక చిన్న వస్తువు తయారు చేస్తున్నారు. దాని పేరు బ్యాటరీ ఎలిమినేటర్. ఈ మాట మన ఇళ్లలో కూడా వినిపించేదే. టేప్ రికార్డర్‌కు సెల్లులు వేయకుండా కరెంటుతో నడపడానికి పెట్టే డబ్బాను ఎలిమినేటర్ అనే అడిగి కొనేవాళ్లు. అదే పని. 1920ల్లో ఇంటి రేడియోలు బ్యాటరీల మీద నడిచేవి. ఇంటికి కరెంటు వచ్చింది, రేడియో మాత్రం ఇంకా బ్యాటరీ అడుగుతోంది. ఆ రెండింటి మధ్య సందులో పెట్టే సామాను ఇది.

దివాలా తీసిన కంపెనీ సామాన్లను వేలం వేశారు. గాల్విన్ వేలానికి వెళ్లి, తన పాత కంపెనీలోని ఎలిమినేటర్ విభాగాన్ని 750 డాలర్లకు పాడుకున్నారు. తమ్ముడు జోసెఫ్‌తో కలిసి 1928 సెప్టెంబర్ 25న షికాగో హారిసన్ వీధిలో ఒక అద్దె బిల్డింగులో గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ మొదలుపెట్టారు. చేతిలో నడిపే సొమ్ము 565 డాలర్లు. పనివాళ్లు ఐదుగురు. మొదటి వారం అందరి జీతాలూ కలిపి 63 డాలర్లు. రెండుసార్లు మునిగిన మనిషికి మూడోసారి ఇంతకంటే ఎక్కువ ఎవరిస్తారు?

ఆ ఎలిమినేటర్ కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. నేరుగా కరెంటుతో నడిచే రేడియోలు బజార్లోకి వచ్చేశాయి. రేడియో కంపెనీలే ఆ సందు పూడ్చేశాక, మధ్యలో పెట్టే డబ్బా ఎవరికి కావాలి? గాల్విన్ ఇంటి రేడియోలు తయారు చేసి, వేరేవాళ్ల పేర్లతో అమ్ముకోవడానికి ఇవ్వడం మొదలుపెట్టారు. అంతలో 1929 అక్టోబర్ వచ్చింది. న్యూయార్క్‌లో షేర్ మార్కెట్ కూలింది. ఇచ్చిన ఆర్డర్లు వెనక్కి పోయాయి. రేడియోలు పెట్టెల్లో కట్టి ఉన్నాయి, కొనేవాడు లేడు. మార్ష్‌ఫీల్డ్ తాళం మళ్లీ కళ్ల ముందు కనిపించే పరిస్థితి.

అప్పుడే ఒక సంగతి చెవిన పడింది. కొన్నిచోట్ల మెకానిక్‌లు మామూలు రేడియోను విప్పి, బోలెడు డబ్బు తీసుకుని కార్లలో పెడుతున్నారని. గాల్విన్ చూపు అటు మళ్లింది.

ఇది అర్థం కావాలంటే అప్పటి కార్ల బజార్ సంగతి కొంచెం తెలియాలి. ఫోర్డ్ మోడల్ టి కారు కోటీ యాభై లక్షలు అమ్ముడుపోయిందంటే కారణం ధర తక్కువ. ధర తక్కువంటే కారులో ఉండాల్సినవి చాలా ఉండేవి కావు. స్పీడు చూపే మీటరు, బంపర్, వెచ్చదనానికి హీటర్, వెనక చూసే అద్దం.. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. సియర్స్ లాంటి పెద్ద దుకాణాల క్యాటలాగుల్లో ఒక్క మోడల్ టి కోసమే వేల రకాల సామాన్లు ఉండేవి. ఫ్యాక్టరీ ఇవ్వనిది అమ్మేవాళ్ల మీద ఒక ప్రపంచమే బతికింది. అంబాసిడర్, ఫియట్ కాలంలో మన ఉస్తాద్‌ల దగ్గర సీటు కవర్ నుంచి టేప్ దాకా అన్నీ పెట్టించుకున్నవాళ్లకు ఈ సంగతి కొత్తేం కాదు.

కారు రేడియోను గాల్విన్ కనిపెట్టలేదు. అంతకు ముందే కొందరు చేశారు, ట్రాన్సిటోన్ అనే పేరుతో అమ్మారు కూడా. 1930లో ఫిల్కో అనే పెద్ద కంపెనీ దాన్ని కొనేసింది. గాల్విన్ అనుకున్నది వేరు. ఏ కారులోనైనా పట్టేది, ఫ్యాక్టరీలో వేలకు వేలు తయారు చేసి అమ్మగలిగేది, మామూలు జీతగాడికి కొంచెం కష్టపడితే అందేది కావాలి.

కష్టం ఎక్కడుందంటే, కారే రేడియోకు శత్రువు. ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ వెలిగిన ప్రతిసారీ రేడియోలో టప్‌మని చప్పుడు. డైనమో గరగర. ఇంజన్ ఆపితే పాట వినిపిస్తుంది, బండి కదిలితే పాట పోయి రంపం కోత మిగులుతుంది. ఆ బిల్డింగులోనే పని చేస్తున్న విలియం లియర్ అనే కుర్ర ఇంజనీరు, క్విన్సీ అనే ఊరి నుంచి వచ్చిన ఎల్మర్ వేవరింగ్, ఇంకా కొందరు కలిసి ఒక్కో చప్పుడును వెతికి పట్టుకున్నారు. ప్లగ్గుల తీగలకు, డిస్ట్రిబ్యూటర్‌కు అణిచే సామాన్లు తగిలించారు. ఆ లియరే తర్వాత లియర్‌జెట్ విమానాలతో పేరు తెచ్చుకున్నారు. వేవరింగ్ ఆ కంపెనీలోనే ఎదిగి చివరికి ప్రెసిడెంట్ అయ్యారు.

రెండో కష్టం కరెంటు. కారు బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులు. రేడియో ట్యూబులకు వంద వోల్టులకు పైనే కావాలి. అందుకని విడిగా పెద్ద బ్యాటరీలు తెచ్చి, కారు అడుగున రేకు కోసి, పెట్టె బిగించి అందులో పెట్టేవాళ్లు. ఏరియల్ కోసం కారు పైకప్పు గుడ్డ ఊడదీసి లోపల జాలీ పరిచేవాళ్లు. రేడియో పెట్టె ఒకచోట, స్పీకర్ ఒకచోట, తిప్పే గుండీలు మాత్రం స్టీరింగ్ రాడ్డు మీద. ఇదంతా గంటలో అయ్యే పని కాదు. కొత్త కారును కోయడానికి ఒప్పుకోవాలంటే ఆ ఓనరుకు పాట మీద ఎంత మోజు ఉండాలో!

అప్పు కోసం ఒక బ్యాంకరు దగ్గరికి వెళ్లి, ఆయన మనసు గెలవడానికి ఆయన ప్యాకార్డ్ కారులో రేడియో పెట్టించారని, అరగంట తిరక్కముందే ఆ కారు కాలిపోయిందని ఒక కథ ఉంది. అప్పు దొరకలేదని వేరే చెప్పాలా?

1930 జూన్‌లో అట్లాంటిక్ సిటీలో రేడియో కంపెనీల పెద్ద సభ జరిగింది. అందులో స్టాల్ తీసుకునే స్తోమత గాల్విన్‌కు లేదు. షికాగో నుంచి అట్లాంటిక్ సిటీ దాదాపు 800 మైళ్లు. తన స్టూడీబేకర్ కారులో రేడియో బిగించుకుని అంత దూరం నడుపుకుంటూ వెళ్లారు. దారిలో రేడియో ఆగిపోతే వెళ్లి ప్రయోజనం లేదు. ఆగలేదు. సభ జరిగే చోటికి దగ్గర్లో రోడ్డు మీద కారు నిలబెట్టి, గట్టిగా వినపడేలా రేడియో పెట్టారు. లోపల స్టాళ్లు చూసి బయటికి వచ్చే డీలర్లను పిలిచి చూపించారు. హార్వర్డ్ స్టేషన్‌లో రైలు ప్రయాణికులకు పాప్‌కార్న్ చూపించినట్టే. ఆర్డర్లు కుప్పలు తెప్పలుగా రాలేదు, కానీ ఫ్యాక్టరీ తలుపు తెరిచి ఉంచడానికి సరిపడా వచ్చాయి.

మొదటి మోటోరోలా మోడల్ పేరు 5టి71. ధర 110 నుంచి 130 డాలర్లు. అప్పుడు కొత్త ఫోర్డ్ మోడల్ ఎ కారే సుమారు 500 డాలర్లకు వచ్చేది. అంటే రేడియో ధర కారు ధరలో దాదాపు నాలుగో వంతు. దేశంలో జనం ఉద్యోగాలు పోయి రొట్టె కోసం క్యూలు కడుతున్న రోజులవి. ఆ ఏడు అమ్మకాలు బాగానే ఉన్నా హిసాబ్ తేల్చేసరికి మిగిలింది నష్టమే.

పైగా కొత్త గొడవ ఒకటి. డ్రైవర్ పాట వింటూ దారి మర్చిపోతాడు, నిద్రపోతాడు, కార్లలో రేడియో నిషేధించాలని కొన్నిచోట్ల చట్టాలు తేవాలని చూశారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరంలో ఆ చర్చ నడిచింది. రేడియో కంపెనీలు గట్టిగా వాదించి ఆపుకున్నాయి. సెల్‌ఫోన్ పట్టుకుని బండి నడిపేవాళ్లకు చలానా రాస్తున్న ఈ రోజుల్లో ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

రెండు మూడేళ్లలో వైబ్రేటర్ అనే చిన్న భాగం వచ్చింది. 6 వోల్టులను తెంపి తెంపి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పెద్ద వోల్టులు చేసిపెట్టేది. అడుగున విడి బ్యాటరీల గొడవ పోయింది, రేకు కోయడం పోయింది. గాల్విన్ గుడ్‌రిచ్ టైర్ల దుకాణాల ద్వారా రేడియోలు అమ్మి అక్కడే బిగించే ఏర్పాటు చేశారు. టైరు మార్పించుకోవడానికి వచ్చినాయన రేడియోతో ఇంటికి వెళ్లొచ్చు. ధర సగానికి పైగా పడిపోయింది. 1937 నాటికి కంపెనీ అగస్టా బులవార్డ్‌లో సొంత ఫ్యాక్టరీలోకి మారింది.

ఇంకొకరైతే ఇక్కడ కాళ్లు చాపుకుని కూర్చునేవారు. గాల్విన్ కూర్చోలేదు. ఎలిమినేటర్ పాఠం ఆయన మర్చిపోలేదు. విడిగా అమ్ముడుపోయే సామాను బాగా అమ్ముడుపోతోందంటే, పెద్ద ఫ్యాక్టరీ దాన్ని తనే పెట్టి ఇచ్చే రోజు దగ్గర పడుతోందని లెక్క. కార్ల కంపెనీలు అప్పటికే సొంత రేడియోల వైపు చూస్తున్నాయి. అందుకే పోలీసుల వైపు తిరిగారు. పోలీసు కార్లలో ఒకే స్టేషన్‌కు కట్టిన రేడియో పెట్టి, కంట్రోల్ రూమ్ మాట నేరుగా వినేలా పోలీస్ క్రూయిజర్ సెట్ తయారు చేశారు. షోకు వస్తువు డ్యూటీ వస్తువైంది.

1936లో కుటుంబంతో యూరప్ తిరిగొచ్చారు. జర్మనీలో నాజీల వాలకం చూసి యుద్ధం తప్పదని ఆయనకు గట్టిగా అనిపించింది. సైన్యం అడగకముందే చేతిలో పట్టుకునే రేడియో మీద పని మొదలైంది. అదే హ్యాండీ టాకీ. తర్వాత డేనియల్ నోబుల్ నాయకత్వంలో వీపున మోసే వాకీ టాకీ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సిపాయిల చేతుల్లో, వీపుల మీద ఇవే కనిపిస్తాయి. అరవడం తప్ప దారి లేని మైదానంలో ఒక దళం ఇంకో దళంతో మాట్లాడగలిగింది.

ఆర్డర్లు పొంగిపొర్లుతున్న ఆ రోజుల్లోనే ఇల్లు కూలింది. 1942 అక్టోబర్‌లో ఎవాన్‌స్టన్‌లోని వాళ్లింట్లో లిలియన్‌నూ, పనిమనిషినీ ఎవరో హత్య చేశారు. మార్ష్‌ఫీల్డ్ తాళాన్నీ, సెక్రటరీ ఉద్యోగాన్నీ, 565 డాలర్లనూ కలిసి మోసిన మనిషి ఆవిడ. రెండేళ్లకు తమ్ముడు జోసెఫ్ కూడా పోయారు. ఫ్యాక్టరీలో పనివాళ్లతో కలిసిమెలిసి ఉండి పని నడిపించింది జోసెఫే. గాల్విన్ పని ఆపలేదు. ఆపితే ఏం మిగులుతుందో ఆయనకే తెలియాలి. 1945లో వర్జీనియాను పెళ్లి చేసుకున్నారు.

1943లో కంపెనీ షేర్లు జనానికి అమ్మకానికి వచ్చాయి. 1947లో కంపెనీ పేరే మోటోరోలా అయింది. కొడుకు పేరుతో తండ్రిని పిలిచినట్టు, సరుకు పేరు కంపెనీకి వచ్చింది. అదే ఏడు లాభాల్లో పనివాళ్లకు వాటా ఇచ్చే పథకం పెట్టారు. 200 డాలర్ల లోపు ధరకు టీవీ తెచ్చి ఒక్క ఏడాదిలో లక్ష అమ్మారు. అంత తక్కువకు అమ్మితే మునుగుతామని సొంత మనుషులే భయపడ్డారట. వాళ్ల భయం తప్పు కాదు, వాళ్ల యజమాని రెండుసార్లు మునిగినవాడే.

యజమానిగా ఆయన మెత్తని మనిషేం కాదు. కోపం ఎక్కువ, గట్టిగా కసిరేవారు. ఫ్యాక్టరీలో మాత్రం అందరూ ఆయన్ని పాల్ అనే పిలిచేవాళ్లు. యూనియన్ మాత్రం రాకుండా చూసుకున్నారు. లాభాల్లో వాటా వెనక ఆ ఆలోచన కూడా ఉందనుకోవడంలో తప్పులేదు.

1949లో నోబుల్ మాట విని అరిజోనాలోని ఫీనిక్స్‌లో ట్రాన్సిస్టర్ల లాబొరేటరీకి ఒప్పుకున్నారు. 1950ల మధ్యలో అక్కడ తయారైన పవర్ ట్రాన్సిస్టర్ కారు రేడియోలకే వచ్చింది. దాంతో వైబ్రేటర్ పని అయిపోయింది. తన వస్తువును తన కంపెనీయే పాతది చేసింది. 1956లో కొడుకు రాబర్ట్‌ను ప్రెసిడెంట్ చేశారు. తాళం పడ్డనాడు ఏడాది పిల్లాడు. 1959 నవంబర్ 5న లుకేమియాతో గాల్విన్ చనిపోయారు. వయసు 64.

కారు రేడియోల విషయంలో ఆయన అనుమానమే నిజమైంది. కార్ల కంపెనీలే రేడియో పెట్టి ఇవ్వసాగాయి. 1980ల్లో మోటోరోలా కారు రేడియోల పని మానేసింది.

ఇప్పుడు ఆ పాత డబ్బాల కోసం వెతికేవాళ్లలో రెండు రకాలున్నారు. కొందరు పైన డయల్, గుండీలు అలాగే ఉంచి, లోపలి ట్యూబులు తీసేసి బ్లూటూత్ పెట్టించుకుంటారు. ఫోన్‌లో పాట కారులో మోగుతుంది, చూసేవాళ్లకు 1930ల రేడియోనే. ఇంకొందరు దీన్ని పాపంగా చూస్తారు. వాళ్లు 6 వోల్టుల బ్యాటరీ, పాత ట్యూబులు, మంచి వైబ్రేటర్ వెతికి తెచ్చి పెట్టిస్తారు. స్విచ్ వేయగానే పాట రాదు. ముందు వైబ్రేటర్ తుమ్మెదలా జుమ్మంటుంది, ట్యూబులు మెల్లగా వేడెక్కుతాయి. అర నిమిషం ఆగితే ఏదో ఒక స్టేషన్ అందుతుంది.